పంపువారు: గోడ, అందుకొనువారు: మిక్సీ

మావయ్యగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఇంట్లో కరెంటు పారే వైరు ఏదైనా సరే, దానికి చీటీ లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. అల్లాటప్పా చీటీ కాదు. పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు మూటలకు చీటీలు కట్టిన చెయ్యి అది. దళసరి అట్టముక్క, మూలన చిల్లు, చిల్లులోంచి పురికొస, అట్ట మీద గుండ్రటి అక్షరాలు: "పంపువారు: గోడ. అందుకొనువారు: మిక్సీ. స్థితి: బాగుంది." ఫ్యానుకు, టీవీకి, ఇస్త్రీపెట్టెకు, ఆఖరికి గడ్డం గీసుకునే మిషనుకు కూడా ఇదే మర్యాద.

ఈ సంగతి కోడలికి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడో రోజున తెలిసింది. ఆఫీసు పని చేసుకుందామని కంప్యూటరు తీస్తే, ఛార్జరుకు అప్పటికే చీటీ వేలాడుతోంది. "పంపువారు: గోడ. అందుకొనువారు: కోడలి కంప్యూటరు. స్థితి: కొత్తది. మెలికలు పడే స్వభావం. గమనించాలి."

"ఇది వైరు గురించేనా?" అని భర్తను అడిగింది.

"వైరు గురించే," అన్నాడతను, ఎటో చూస్తూ.

ఆమెకు నమ్మకం కుదరలేదు. అసలు నమ్మకం కుదరకపోవడమే ఆమె ఉద్యోగం. బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తుంది. షాపు కాలిపోయిందని ఎవరైనా బావురుమంటే, ముందు వాళ్ల జేబులో అగ్గిపెట్టె ఉందేమోనని చూసే రకం.

అనుమానంలో మావయ్యగారూ తక్కువేం తినలేదు. చీటీ మీద రాత ఎప్పుడూ గదివైపే ఉండాలని ఆయన నియమం. పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా, చేతులు వెనక్కి కట్టుకుని గది గదీ తిరిగి చూసేవారు.

"ఫోను ఛార్జరు చీటీ గోడవైపు తిరిగింది," అనేవారు హాల్లో నిలబడి.

"గాలికి తిరిగి ఉంటుందిలెండి," అనేవారు అత్తయ్యగారు వంటింట్లోంచి.

"గాలి కుడివైపు నుంచి వస్తుంది. చీటీ కూడా కుడివైపే తిరిగింది. గాలికి ఎదురు తిరిగే చీటీ ఉంటుందా? ఇది చేతి పని."

చివరికి కొడుకు ఒప్పేసుకునేవాడు. "నా ఛార్జరు కనపడలేదు నాన్నా. అమ్మది పెట్టుకున్నాను. పది నిమిషాలే."

"అమ్మకు చెప్పావా?"

"నిద్రపోతోంది కదా అని..."

"అంటే, అందుకొనువారు నిద్రలో ఉండగా సరుకు దారి మళ్లించావన్నమాట!"

ఒకసారి ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఫోను చచ్చిపోతోందని చేతికందిన వైరు గుచ్చుకున్నాడు. ఆయన కాఫీ తాగి లేచేసరికి ఆ వైరుకు రెండో చీటీ కూడా పడింది. "తాత్కాలిక అందుకొనువారు: పరిచయం లేని వ్యక్తి. స్థితి: చెప్పలేం." ఆ పరిచయం లేని వ్యక్తి కోడలి పై అధికారి. ఆమె వారం రోజులు ఆఫీసులో తల ఎత్తలేదు.

ఇంట్లో వైర్లన్నీ అయిపోయాక ఆయన కన్ను మేడ మీద పడింది. మూడంతస్తుల మేడ, ఎనిమిది వాటాలు. అట్టముక్కలు, పురికొస, పెన్ను చేతిసంచిలో వేసుకుని ప్రతి తలుపూ తట్టారు. జనం ముందు నవ్వారు, తర్వాత తలుపులు తీశారు, ఆ తర్వాత "చీటీల తాతయ్య" అని పేరు పెట్టారు. పై వాటాలో ఒంటరిగా ఉండే దర్జీ ఆవిడ మాత్రం మెళ్లో టేపుతో తలుపు సందులోంచే బేరం మొదలుపెట్టింది.

"దీనికి ఏం తీసుకుంటారు అన్నయ్యగారూ?"

"ఏమీ తీసుకోనమ్మా."

"అయితే వద్దు. ఊరికే వచ్చేది నాకు అరగదు."

ఆయన కాసేపు ఆలోచించి, "దాహంగా ఉంది, గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వు," అన్నారు. అలా మంచినీళ్ల ఒప్పందం మీద ఆవిడ కుట్టుమిషను వైరుకు చీటీ పడింది.

ఇంతవరకూ అంతా నవ్వుకునే వ్యవహారమే. ఒక ఆదివారం కోడలి చెవిదుద్దు జారి మావయ్యగారి మంచం కిందికి దొర్లింది. దాని కోసం వంగితే ఒక గోనెసంచి కనబడింది. మూతికి పురికొస, పురికొసకు చీటీ. చీటీలో పంపువారు ఖాళీ, అందుకొనువారు ఖాళీ. గడ్డం గీసుకునే మిషను వైరును కూడా వదలకుండా చీటీ కట్టిన మనిషి, గడులు ఖాళీగా వదిలేశారంటే ఏదో ఉంది. ఆమె దుద్దు సంగతి మరిచిపోయింది.

మూతి కాస్త వదులు చేసి వేళ్లు దూర్చింది. లోపల చుట్టలు చుట్టలుగా వైర్లు. చేతికి తగిలిన చీటీ బయటికి లాగింది. "అందుకొనువారు: రెండో అంతస్తు ఇస్త్రీపెట్టె." ఇంకోటి. "అందుకొనువారు: ఎదురు వాటా నీళ్ల హీటరు." ఇంకోటి లాగబోతుంటే వరండాలో చెప్పుల చప్పుడైంది. సంచిని లోపలికి తోసేసి, దుద్దు లేకుండానే బయటపడింది.

ఊళ్లోవాళ్ల వైర్లు మన మంచం కింద ఎందుకుంటాయి? ఆమె వృత్తిలో దీనికి ఒకటే మాట ఉంది. ఆ మాట మనసులోకి వచ్చేసరికి ఆమెకు భయం వేసింది. ఈ పెద్దాయన దొంగ అని తేలితే ఆ మేడలో ఆయనకు మళ్లీ ఒక్క తలుపూ తెరుచుకోదు. తలుపులు తెరుచుకోకపోతే ఆయన బతకలేరు. భర్తకు చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, రుజువు లేని రిపోర్టు రాయడం ఆమెకు అలవాటు లేదు.

సాయంత్రం కాఫీ దగ్గర కూపీ లాగింది.

"మావయ్యగారూ, ఈ మేడలో ఎవరి వైరైనా పోతే మీకే ముందు చెబుతారు కదూ?"

"ఎందుకు పోతుంది?"

"ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే అడగవమ్మా. నీకు జీతం ఇచ్చేదే అడిగినందుకు."

అన్నారు గానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాఫీలో చక్కెర రెండోసారి వేసుకుని, అది కూడా గమనించకుండా తాగేశారు. ఆమె గమనించింది.

మంగళవారం ఆమె సెలవు పెట్టింది. మావయ్యగారు చేతిసంచి పట్టుకుని వీధి మలుపులో ఉన్న కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్తే, వెనకాలే వెళ్లి బస్ స్టాపులో పేపరు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆయన నిగనిగలాడే కొత్త వైరు ఒకటి కొని, ఇంటికి రాకుండా తిన్నగా డాబా మీదికి వెళ్లారు. ఆమె నీళ్ల ట్యాంకు వెనక నక్కింది.

ఆయన వైరును నేల మీద పొడుగ్గా పరిచారు. చెప్పులతో దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. మళ్లీ వెనక్కి నడిచారు. దుమ్ము చల్లి గుడ్డతో రుద్దారు. జేబులోంచి చిన్న సీసా తీసి మిషను నూనె రెండు చుక్కలు పూసి, మళ్లీ దుమ్ము చల్లారు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి, "ఇంకా మెరుస్తోంది వెధవది," అని గొణిగి ఇంకో విడత తొక్కారు. పాత సరుకును కొత్తదని చెప్పి డబ్బు గుంజేవాళ్లను ఆమె చాలామందిని పట్టుకుంది. డబ్బు పోసి కొన్న కొత్త సరుకును పాతది చేసేవాణ్ణి ఎక్కడా చూడలేదు. ఇదేం మోసమో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ వైరుతో ఆయన పై వాటాకు వెళ్లారు. పది నిమిషాల్లో మూతి తుడుచుకుంటూ దిగివచ్చారు. మంచినీళ్లు తాగినట్టున్నారు. చేతిసంచి మాత్రం వెళ్లినప్పుడు ఎంత లావుందో వచ్చినప్పుడూ అంతే ఉంది.

పొద్దువాలకముందే దర్జీ ఆవిడ వైరు చేత్తో పట్టుకుని కిందికి దిగింది.

"అన్నయ్యగారున్నారా?"

"ఏమైంది పిన్నిగారూ?" అంది కోడలు.

"నా మిషను వైరు మారిపోయిందమ్మా. చూపుకు పాతదానిలాగే మురికోడుతోంది. కానీ ఈ చీటీ చదువు."

కోడలు చదివింది. "పంపువారు: గోడ. అందుకొనువారు: కుట్టుమిషను. అమర్చినది: మంగళవారం. స్థితి: సరికొత్తది."

వైరును తొక్కి, నలిపి, మసి చేయగలిగారు గానీ, చీటీ మీద అబద్ధం రాయడానికి ముప్పై నాలుగేళ్ల చెయ్యి ఒప్పుకోలేదు. మావయ్యగారు గుమ్మంలో నిలబడి తన చేతిరాతను తానే అనుమానంగా చూసుకుంటున్నారు.

"రాత మీదేనా?" అంది దర్జీ ఆవిడ.

"నాదే."

"మరి నా వైరేది?"

కోడలు లోపలికి వెళ్లి మంచం కింది సంచి ఈడ్చుకొచ్చి ఆయన ముందు పెట్టింది. "మీరు విప్పుతారా మావయ్యగారూ, నేను విప్పనా?"

"నీకు రాదమ్మా, అది పార్సిల్ ముడి," అని ఆయనే కూర్చుని విప్పి, సంచి నేల మీద కుమ్మరించారు.

తొమ్మిది వైర్లు. ఒకదాని ప్లగ్గు కాలి నల్లగా ముద్దకట్టింది. ఒకదాన్ని ఎలుకలు కొరికాయి. ఒకటి మడతల దగ్గరంతా చిట్లిపోయింది. దర్జీ ఆవిడ వైరుకు ప్లగ్గు నుంచి రెండు జానల దూరంలో రాగి బయటపడితే, దానికి ఆవిడే గుడ్డపీలిక చుట్టుకుంది. ఇలాంటి వైర్ల ఫొటోలు కోడలి ఫైళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటి పక్కన కాలిన ఇళ్ల ఫొటోలు కూడా ఉంటాయి.

"మీ వైరు పాడైంది, మారుస్తానంటే ఒకరికి నామోషీ, ఇంకొకరికి అనుమానం," అన్నారు ఆయన, తలదించుకుని. "చీటీ కడతానంటే పిచ్చాడని నవ్వి తలుపు తీస్తారు, ఆ సందులో మార్చేస్తాను. ఈవిడ చెక్క పలక మీద నిలబడి మిషను స్విచ్చి వేస్తోంది. ఎందుకమ్మా అంటే, కాస్త జివ్వుమంటుంది, అలవాటే అంది."

సంచి చీటీలో గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో కోడలికి అప్పుడు అర్థమైంది. నిజం రాస్తే దొరికిపోతారు, అబద్ధం రాయలేరు.

దర్జీ ఆవిడ మొహం కందిపోయింది. కొత్త వైరు ఆయన ముందు పెట్టేసి, తన పాతది చేతిలోకి తీసుకుంది. "మీ మంచితనం మీ దగ్గరే ఉంచుకోండి అన్నయ్యగారూ. ఊరికే వచ్చేది నాకొద్దు. ఇన్నాళ్లూ దీంతోనే కుట్టుకున్నాను."

ఆవిడ మెట్లవైపు తిరిగింది. కోడలు చటుక్కున ఆ వైరు రెండో కొస పట్టుకుంది. "ఇది తనిఖీలో ఉంది పిన్నిగారూ! బీమా కంపెనీ రూలు. తనిఖీ అయ్యేదాకా మీరు బదులు వైరు వాడాలి."

"అలాగా? రాసివ్వు మరి."

కోడలు అట్టముక్క కోసం చెయ్యి చాచింది. మావయ్యగారు చేతిసంచిని గుండెకు అదుముకున్నారు.

"అలాంటి రూలు ఉందా అమ్మా?"

"మావయ్యగారూ!"

"నోటితో ఏమైనా చెప్పుకో. చీటీ మీద మాత్రం వీల్లేదు."

ఆయన్ను ఏం చేయాలో తెలియక ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అట్టముక్క లాక్కుని, కాసేపు పెన్ను కొరికి, రాసింది. "పంపువారు: కింది వాటా. అందుకొనువారు: పై వాటా. స్థితి: మీకేమైనా అయితే మేం తట్టుకోలేం."

మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివారు. "ఇది నిజమే. కట్టొచ్చు," అని తానే ముడి వేశారు.

దర్జీ ఆవిడ ఆ చీటీని రెండుసార్లు చదివింది. పాత వైరు మెల్లగా వదిలేసింది. కొత్తది చంకలో పెట్టుకుని, ముక్కు ఎగబీల్చి, మావయ్యగారిని ఎగాదిగా చూసింది.

"ఆ చొక్కా విప్పండి."

"ఏంటీ?"

"మోచేతి దగ్గర చిరిగి ఆర్నెల్లయింది. మీరు నా గడపలో నిలబడ్డప్పుడల్లా నా చేతులు ఊరుకోవడం లేదు. కుట్టిపెడతానంటే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నాను."

ఆయన మోచెయ్యి మెలితిప్పి, మెడ సాచి, ఆ చిరుగును మొట్టమొదటిసారి చూసుకున్నారు. తర్వాత కళ్లు చిన్నవి చేసి కోడలి వైపు తిరిగారు.

"పొద్దున బాగానే ఉందే. ఎవరు చింపారిది?"

"నేను కాదు మావయ్యగారూ," అంటూ కోడలు ఆయనకు వేరే చొక్కా తేవడానికి లోపలికి పరుగెత్తింది.