నినాదాల మనిషికో కుర్చీ

ఆయన్ని ఊరంతా సైరన్ అనే పిలిచేవాళ్ళు. కోపం వస్తే భార్య కూడా అంతే. పొద్దున పూట ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో బస్టాండు మైకులో చెప్పే ఉద్యోగం. సాయంత్రాలు పార్టీ సభల్లో నినాదాలివ్వడం. మొదటిది పొట్టకోసం, రెండోది ఎందుకో ఆయనకే తెలీదు. స్టేజీ కింద ఎడమ పక్కన నిలబడి, మెడనరాలు ఉబ్బేలా "పెద్దాయన నాయకత్వం..." అని ఒక్క కేక పెడితే, వెనక వరుసలో కునుకు తీస్తున్నవాడు కూడా ఉలిక్కిపడి "వర్ధిల్లాలి!" అనాల్సిందే. ఇంటికొచ్చి ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మర్నాడు బొంగురు గొంతుతో బస్సుల్ని పిలవడం. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు.

ఇన్నేళ్ళ చాకిరీకి ఆయన కోరుకున్నది ఒక్కటే, స్టేజీ మీద కుర్చీ. ముందు వరుస అక్కర్లేదు, మూలకైనా చాలు, ప్లాస్టిక్‌దైనా సరే. నిన్నగాక మొన్న పార్టీలోకొచ్చిన ఇటుకల కాంట్రాక్టరు పైకెక్కి కాలు మీద కాలేసుకుంటే, ఈయన కింద నిలబడి వాడిక్కూడా జిందాబాద్ కొట్టాలి. కడుపు మండదూ మరి!

అలాంటి రోజుల్లో పార్టీలో ముసలం పుట్టింది. తన తర్వాత పార్టీ అల్లుడిదేనని పెద్దాయన తేల్చేశాడు. ఆ అల్లుడు కాగితం చూసి చదివినా రెండు పేజీలు ఎగరగొట్టే రకం. సీనియర్లు భగ్గుమన్నారు. అల్లుడు పనికిరాడని కాదు వాళ్ళ ఏడుపు, ఆ చోటు తమకి దక్కలేదని. ఉపాధ్యక్షుడు ఇంకో పదిమంది ఎమ్మెల్యేలని వెంటేసుకుని బయటికొచ్చేశాడు. "వ్యక్తిపూజ భరించలేకపోయాం" అని ప్రకటన కూడా ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఆ పూజ చేసింది మరెవరో పాపం!

ఆ రోజే ఉపాధ్యక్షుడు సైరన్ ఇంటికొచ్చాడు. ముందుగదిలో భార్య కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు చొక్కాలు, పక్కన ఒకే ఒక్క కుర్చీ. అందులో ఆయన కూర్చున్నాడు, సైరన్ షరా మామూలుగా నిలబడ్డాడు.

"నువ్వు మాతో వచ్చెయ్యి. నీ గొంతు లేకపోతే పార్టీ ఏముంది చెప్పు? స్టేజీ మీద కుర్చీ నీది, నాదీ పూచీ," అన్నాడు ఉపాధ్యక్షుడు.

సైరన్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన అటు వెళ్ళగానే భార్య మిషను ఆపి, "కుర్చీ కోసం అంత దూరం ఎందుకండీ? ఇదుగో, ఆయన వెచ్చబెట్టి మరీ వెళ్ళాడు, కూర్చోండి," అంది.

"నీకేం తెలుసే! ముప్పై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళివి."

అంటూ వంగి మోకాళ్ళు రుద్దుకున్నాడు. ఆవిడ మరి వెక్కిరించలేదు. సభకి వేసుకునే తెల్ల చొక్కా తీసి, ఊడిన బొత్తాం కుట్టిపెట్టింది.

చిక్కంతా కొత్త నినాదం దగ్గరొచ్చింది. ఉన్నది పదకొండుమంది. ఎవరి నాయకత్వం వర్ధిల్లాలి? మూడు రోజులు తలుపులేసుకుని కొట్టుకున్నంత పని చేసి, చివరికి "సమష్టి నాయకత్వం వర్ధిల్లాలి" అని ఖాయం చేశారు. సైరన్ స్నానాలగదిలోనూ అదే వల్లించాడు, బస్టాండులోనూ అదే. "అదేం మాటండీ, నోట్లో ముద్ద పెట్టుకుని పలికినట్టు!" అని భార్య విసుక్కుంది.

సభ నాడు అద్దె హాలు కిటకిటలాడింది. టీవీలవాళ్ళు వచ్చారు. స్టేజీ మీద రెండో వరుసలో, చివర్న, నిజంగానే ఆయనకో కుర్చీ వేశారు. సైరన్ చేతిరుమాలుతో దాన్ని తుడిచి, మెల్లిగా కూర్చున్నాడు. కళ్ళు చెమర్చాయి. అంతలో పిలుపొచ్చింది. లేచి మైకు పట్టుకున్నాడు, గుండె నిండా ఊపిరి పీల్చాడు, మెడనరాలు ఉబ్బాయి.

"పెద్దాయన నాయకత్వం...!"

"వర్ధిల్లాలి!" అంది హాలు హాలంతా. స్టేజీ మీద పదకొండుమందీ పిడికిళ్ళెత్తి మరీ అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది ఉపాధ్యక్షుడే.

ఆ తర్వాత చూడాలి మొహాలు! ఎత్తిన చేతులు ఎలా దించాలో తెలీక ఒకాయన తల గోక్కున్నాడు. సైరన్ నాలిక్కరుచుకుని వెనక్కి తిరిగేసరికి రెండో వరుస చివర కుర్చీ లేదు. ఎవరు లాగేశారో గానీ, మహా చురుగ్గా లాగేశారు.

రెండు రోజులు ఆయన అన్నం సరిగ్గా తిన్లేదు. మూడో రోజు పెద్దాయన కారు పంపించాడు.

పెద్దాయన సోఫాలోంచి లేచి మరీ ఎదురొచ్చాడు. "శత్రువుల మధ్య నిలబడి నా పేరు పలికావు! అదీ గుండెంటే! ఆదివారం మన సభ. నా పక్కనే నీ కుర్చీ. కావాలనే అన్నానని టీవీలవాళ్ళకి ఒక్క ముక్క చెప్పు, చాలు."

కుర్చీ చేతికందినట్టే ఉంది. ఊఁ అంటే చాలు. తాను పప్పులో కాలేస్తే దానికి పూలదండా? సైరన్‌కి సిగ్గేసింది.

"లేదండీ. నోరు జారింది. అలవాటు."

పెద్దాయన నవ్వబోయి ఆగాడు. "మరి హాలంతా పలికారుగా? ఆ పదకొండుమందీ కూడా?"

"వాళ్ళదీ అలవాటేనండీ."

పెద్దాయన ఇంక వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఈసారి కారు కూడా ఇవ్వలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే భార్య తిడుతుందనుకున్నాడు. ఆవిడ మాత్రం, "పైన లేకపోతే పోయింది. కింద కుర్చీలు బోలెడు. ఆదివారం ఇద్దరం వెళ్ళి దర్జాగా కూర్చుందాం పదండి, ఎవడు లాగుతాడో నేనూ చూస్తా," అంది.

వెళ్ళారు. అయిదో వరుసలో కూర్చున్నారు. పెద్దాయన అరగంట మాట్లాడి, ఒకచోట గొంతు పెంచి ఆగాడు. ఎడమ పక్కకి చూశాడు. అక్కడెవరూ లేరు. హాల్లో ఎవడో దగ్గాడు. ఇక్కడ సైరన్ కుడిచెయ్యి దానంతటదే లేవబోతే, ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన కాసిని నీళ్ళు తాగి మళ్ళీ మొదలెట్టాడు.

సైరన్ ఇంకో పది నిమిషాలు విన్నాడు. భార్య వైపు వంగి, "ఏమే, ఈయనెప్పుడూ ఇంత చెత్తే మాట్లాడతాడా?" అనడిగాడు.

"నన్నడుగుతారేంటి? ముప్పై ఏళ్ళుగా వింటున్నది మీరు కదా!"

"విన్లేదే," అన్నాడు సైరన్. "ఎక్కడ ఆపుతాడా, ఎప్పుడు అరుద్దామా అని చూస్తూ నిలబడ్డానంతే."