సరుకు చూడనిదే కాగితం రాయని మా ట్యాక్స్ సారు

సోమవారం పొద్దున మా ట్యాక్స్ సారు పోయారని వారి అమ్మాయి ఫోన్ చేసింది. బుధవారం పన్నుల ఆఫీసులో మా విచారణ. "నాన్న మీ ఫైలు బల్ల మీదనే పెట్టించిండు అక్కా, వచ్చి తీస్కపోరి" అంది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది, ఇక పన్నుల అధికారి ముందు ఒక్కదాన్నే నిలబడాలి కదా అని. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఖమ్మంలో మిర్చి యార్డు దగ్గర మేడ మీది గదిలో మేం ఆరుగురం వీడియో గేములు తయారు చేస్తాం. మా మొదటి ఆట, భద్రాచలం అడవిలో ఇప్పపువ్వు ఏరుకుంటూ ఎలుగుబంటిని తప్పించుకునేది. నిరుడు దాని మీద నోటీసు వచ్చింది. ఆటలో వాడే నాణేలను జనం డబ్బిచ్చి కొంటున్నారు కాబట్టి ఇది పందెం ఆటేనట, వచ్చిన రాబడి మొత్తానికి పందేల రేటునే పన్ను కట్టాలట. మామూలు ఆటల మీద ఉండే పన్ను మేం కడుతూనే ఉన్నాం. ఆ తేడా కూడా కట్టాలంటే గదికి తాళం వేయడమే.

సారు జన్మంతా మిర్చి వ్యాపారుల పన్నులు చూసిన మనిషి. ఎవరికి నోటీసు వచ్చినా వాళ్ల కొట్టుకు వెళ్లి, బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు తుమ్ములు తుమ్మితే గానీ జవాబు మొదలుపెట్టేవారు కాదు. "సరుకు చూడకుంట కాయితం రాయ" అనేవారు. మా సరుకు ఆట. అందుకని దాన్ని తన ఫోనులో వేయించుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఆడటం మొదలుపెట్టారు. జవాబుకు గడువు వారమే. మూడు రోజులైనా రెండో అంచె దాటలేదు. పైగా అదే అడవిలో చర్ల వైపు పుట్టిన మనిషేమో, మా ఎలుగుబంటి నడకకూ, ఇప్పపువ్వు రంగుకూ వంకలు పెడుతూ కూర్చున్నారు. గడువు ముంచుకొస్తుంటే ఈ ఎలుగు పురాణం ఏమిటని లోపల తిట్టుకున్నాను.

ఐదో రోజు ఆఖరి అంచెలో ఆయనకు ఒక పలక కనిపించింది. దసరాకు మేం పెట్టిన పోటీలో గెలిచినవాళ్ల పేర్లు దాని మీద ఉన్నాయి. ఆడటానికి రుసుము, గెలిస్తే నగదు. వారం నడిపి పోటీ ఆపేశాం, పలక తీయడం మరిచాం. సారుకు చెప్పడం మాత్రం మరిచిపోలేదు. కావాలనే చెప్పలేదు.

"ఇదేంది బిడ్డా?" అన్నారు.

వారం రోజుల ముచ్చటే కదా, నోటీసులో దాని ఊసే లేదు, వదిలేద్దాం సార్ అన్నాను.

"ఇది పందెమే. దీనికి పందెం పన్ను కడదాం, మిగిలినదానికి కొట్లాడదాం. చూసిన సరుకును చూడలేదని రాయమంటే మాత్రం ఇంకోళ్లను చూసుకో."

ఆయన గొంతు పెంచలేదు, నేనే పెంచాను. ఆరుగురి పొట్ట కొడుతున్నారన్నాను. హైదరాబాదులో ఇంకొకాయనకు ఫోన్ కూడా చేశాను. ఆయన ఆట పేరైనా అడగకుండా ఫీజు చెప్పాడు. మర్నాడు తల దించుకుని వెళితే సారు ఏమీ జరగనట్టే చాయ్ తెప్పించారు. జవాబు రాసి, మొత్తం పైకి చదివి వినిపించి, సంతకాలయ్యాక, రాసిన సరుకు అడిగినవాళ్లకు కనబడాలి, ఆ పలకను తీసేయొద్దని చెప్పారు.

బుధవారం నాడు అధికారి పోటీ గురించి రాసిన పేజీ దగ్గర ఆగాడు. "ఇది మాకు తెల్వనే తెల్వది. మీరే ఎందుకు రాసిన్రు?"

చేజేతులా మునిగామా అనిపించింది. "మా సారు ఆట మొత్తం ఆడి రాసిన్రు సార్" అన్నాను. ఆ సంతకం చేసినాయన మొన్ననే పోయారని కూడా చెప్పాను.

అధికారి పేజీ కింది సంతకం వైపు చూశాడు. "మొత్తం ఆడిన్రా?" అని, చెయ్యి చాపి నా ఫోన్ అడిగాడు.

ఆర్డరు ఇంకా రాలేదు. ఏమవుతుందో తెలియదు. సారు ఉంటే ఈపాటికి వెళ్లి చెప్పుకునేదాన్ని. ఆ అధికారి గదే కళ్ల ముందు మెదులుతోంది. అటెండరు తర్వాతి ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. అధికారి ముందుకు వంగి మొదటి అంచె ఆడుతున్నాడు. బల్లకు ఇవతల నేను, ఆయన ఎలాగైనా ఆఖరి దాకా వెళ్లాలని, ఆ పలకను తన కళ్లతో చూడాలని మొక్కుకుంటున్నాను.