ఆకుపచ్చగా వచ్చిన పసుపు హెల్మెట్

హెల్మెట్ల గట్టిదనం పరీక్షించే ఆ సంస్థలో వీడియోలు ఎడిట్ చేసేది ఆమె. ఎత్తు నుంచి ఇనుప దిమ్మె మీద హెల్మెట్ పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోయే ఆ దెబ్బను హైస్పీడ్ కెమెరా సెకనుకు వేల బొమ్మలుగా పట్టుకుంటుంది. పదిహేనేళ్ళుగా ఆ కెమెరా నడుపుతున్నది ఒక్కాయనే. ఆయన అందరికీ బాబాయే.

ఒక సోమవారం ఆయన పంపిన, ఇంకా ఎడిట్ చేయని రా ఫుటేజీ తెరిస్తే పసుపు హెల్మెట్ పాచి పట్టినట్టు ఆకుపచ్చగా కనిపించింది. పగుళ్ళు తెలియడానికి గీసిన ఎర్రగీతలు బురదరంగులో ఉన్నాయి. ఆకుపచ్చ తగ్గిస్తే నీడలు గులాబీకి తిరిగాయి. గులాబీ తగ్గిస్తే మళ్ళీ పాచి. గంటన్నర కుస్తీ పట్టేసరికి ఆమె ఓపిక అడుగంటింది. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చి ఆలస్యమెందుకని అడిగాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే అనేసింది.

“బాబాయ్ వైట్ బ్యాలెన్స్, అదే కెమెరాలో రంగుల సెట్టింగు, సరిగ్గా పెట్టినట్టు లేరండీ. ఈమధ్య ఆయనకి రంగులు ఆనుతున్నాయో లేదో మరి.”

ఆ రెండో మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. నోరు జారింది. మేనేజరు మాత్రం దాన్నే పట్టుకున్నాడు. ఆమె ఇలా అన్నదని బాబాయికే చెప్పి, మర్నాటి నుంచి కెమెరాను మరో టెక్నీషియన్‌కు అప్పగించాడు. బాబాయిని స్టోరులో పెట్టెలకు చీటీలు అంటించే పనిలో వేశాడు.

వారం తిరక్కుండానే కొత్త టెక్నీషియన్ తీసిన ఫుటేజీ వచ్చింది. అదీ ఆకుపచ్చే. ఆమె నిరుడు బాబాయి తీయగా అందరూ మెచ్చుకున్న పాత క్లిప్పు తాలూకు రా ఫుటేజీ వెతికి తెరిచింది. అది కూడా ఆకుపచ్చగానే ఉంది. అంటే జబ్బు కెమెరాది కాదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగులు ఒక్కొక్కటే తడిమింది. కెమెరా రాసిపెట్టిన రంగుల లెక్కను పక్కనపెట్టి సాఫ్ట్‌వేర్ సొంత లెక్కనే వాడమని, ఆ సోమవారానికి రెండ్రోజుల ముందు వేరే పని కోసం తనే మార్చి మరిచిపోయింది. దాన్ని వెనక్కి తిప్పగానే పసుపు పసుపైంది.

మేనేజరు చూసి, చెడిన ఫుటేజీని భలే బాగుచేశావన్నాడు. ఆమె తల ఊపి ఊరుకుంది.

ఆ ఊపిన తలే రెండు రోజులు ఆమెకు ముద్ద దిగనివ్వలేదు. ఎవరు రంగు మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. క్యాంటీన్లో బాబాయి ఎదురైతే ఫోన్ చూసుకుంటున్నట్టు పక్కకు తప్పుకుంది. మూడో రోజు ఇక తట్టుకోలేక మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పి, నాలుగు చీవాట్లు తిని, తిన్నగా స్టోరుకు వెళ్ళింది.

“తప్పు నాది బాబాయ్. సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగు మారిపోయింది. కాదు, నేనే మార్చాను. రెండు రోజుల కిందటే తెలిసింది. చెప్పలేదు.”

ఆయన చేతిలోని చీటీని పెట్టెకు అంటించి, బొటనవేలితో అంచులు నొక్కాడు.

“మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళానమ్మా. ఏ లోపమూ లేదన్నాడు. నేనే నమ్మలేదు. రంగుల విషయంలో నువ్వు ఊరికే అనవు కదా అనుకున్నా. వారం నుంచి చొక్కాలు కూడా మీ పిన్నే తీసిస్తోంది.”

ఆయన తిట్టనూ లేదు, పోనీలెమ్మనీ అనలేదు. ఖాళీగా ఉన్న స్టూలు ఆమె వైపు జరిపి, ఇంకో చీటీ అందుకున్నాడు.

మర్నాడు కెమెరా మళ్ళీ ఆయన చేతికొచ్చింది. చేతి నేర్పు ఎక్కడికీ పోలేదు. కానీ పదిహేనేళ్ళలో ఎన్నడూ అడగనివాడు, ఇప్పుడు ప్రతి షాటుకూ ఫోన్ చేసి రంగు సరిగ్గానే వచ్చిందా అని అడుగుతున్నాడు. ఆమె ఫోన్లో అవునని ఊరుకోదు. ల్యాప్‌టాప్ పట్టుకుని కెమెరా గదికి వెళ్తుంది. ఆయన ముందు పెట్టి, ఆయనంతట ఆయనే చూసి బాగుందన్నాకే వెనక్కి వస్తుంది.