భక్తవత్సలం ముక్కు, ఏకాంబరం దుర్భిణి

భక్తవత్సలం సరుకును ముక్కుతో చూసేవాడు. గొడుగు గానీ, గడియారం గానీ, బిస్కెట్ల డబ్బా గానీ, చేతికివ్వగానే ముక్కు దగ్గరికి తీసుకుపోయి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి తీర్పు చెప్పేవాడు. సముద్రం దాటి వచ్చిన వస్తువుకు ఉప్పూ తారూ ఎండుగడ్డీ కలిసిన వాసన ఒకటుంటుందనీ, సబ్బు పెట్టి కడిగినా అది పోదనీ ఆయన సిద్ధాంతం. హార్బరు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి చేసి ముక్కు అలా తయారయిందని భార్య పంకజం అనేది. పెళ్ళిచూపులనాడు కాఫీ గ్లాసును వాసన చూసి “ఇది ఈడదే” అని పెదవి విరిచాడట. పిల్లను కాదన్నాడేమోనని ఆమె తండ్రికి చెమటలు పట్టాయట.

ఆయన తెప్పించుకుంటున్న సీమ సరుకుల్లోకెల్లా గొప్పది, చంద్రుణ్ణీ చుక్కల్నీ చూసే దుర్భిణి. లండన్ నుంచి వస్తోంది. చాలాకాలంగా వస్తూనే ఉంది. సూయజ్ కాలవ మూసుకుపోయినప్పుడు అది ఆఫ్రికా చుట్టూ తిరిగింది. కాలవ తెరిచాక ఏడెన్‌లో ఆగింది. ఆ తర్వాత ఇంపోర్టు లైసెన్సుల గొడవలో పడి బొంబాయి దాకా వచ్చి వెనక్కి మళ్ళింది.

కాలేజీ చదువుకని వాళ్ళింట్లో ఉంటున్న మేనకోడలు మృణాళినికి పాఠం మీద మనసు నిలవనప్పుడల్లా ఆ ఓడ కనిపించేది. చీకటి అరలో, గడ్డి పరుపు మీద, అలలకు ఊగుతూ పడుకున్న ఇత్తడి గొట్టం. పైన ఇన్ని చుక్కలు. అన్నింటి కిందనుంచీ వస్తున్నా ఒక్కదాన్నీ చూడలేదు పాపం, వాటిని కలగంటోందేమో అనుకునేది.

లండన్‌ది వచ్చేదాకా వాళ్ళకు ఏకాంబరం దుర్భిణే దిక్కు. ఏకాంబరం భక్తవత్సలానికి బడినాటి స్నేహితుడు. చైనా బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చునేవాడు. దుకాణం ఆయన మామగారు కృష్ణస్వామిది. అద్దాల బీరువాలో ఒకే ఒక్క పాత దుర్భిణి ఉండేది. శనివారం దుకాణం కట్టేశాక స్నేహితులిద్దరూ మృణాళినీ దాన్ని తీసుకుని మిద్దెక్కేవాళ్ళు. అప్పుడే పడమట శుక్రుడు వెలిగేవాడు, తూర్పున హైకోర్టు గోపురం మీది లైట్‌హౌస్ దీపం తిరగడం మొదలుపెట్టేది. ఏకాంబరం ఒకసారి కన్ను ఆనించాడంటే ఇక పిలిచినా పలికేవాడు కాదు. పగలంతా ఫ్రేము, నంబరు, అద్దం తప్ప మాట లేని మనిషి, అప్పుడు మాత్రం నోరు తెరుచుకుని పసివాడిలా నవ్వేవాడు.

అయితే అమ్మకానికి లేని వస్తువు దుకాణంలో ఉండకూడదని కృష్ణస్వామి ఆన. ఎవరైనా కొనుక్కుపోయిన రోజున ఆ సాయంత్రాలు ముగిసినట్టే.

“మామా, దాన్ని మనమే కొనేస్తే పోదా?” అని మృణాళిని ఎన్నోసార్లు అడిగింది.

“సీమది వస్తా ఉంటే ఈడది ఎందుకు పాపా?”

పైగా కొనడానికి ఇంకెవరు వచ్చినా ఆయన వదిలేవాడు కాదు. శనివారం మధ్యాహ్నం నుంచే దుకాణంలో చేరి, బేరగాడి చేతిలోంచి దుర్భిణిని అందుకునేవాడు. కుడి బొటనవేలు ఎప్పుడూ గొట్టం నడుము మీద ఒకేచోట, ఫిడేలు పట్టినవాడిలా నొక్కిపెట్టి, వాసన చూసేవాడు.

“లోకల్ సరుకు సార్. దీంట్లో చంద్రుడు చూస్తే దోసె మాదిరి ఉంటాడు. కొంచెం ఓర్చుకోండి, సీమ నుంచి నాది వస్తా ఉండాది. వచ్చి చూద్దురు.”

బేరగాడు వెళ్ళిపోయేవాడు. ఏకాంబరం ఆయన మీద విరుచుకుపడేవాడు.

“ఒరే, నీ ముక్కు కొయ్యా. నా వ్యాపారం కూలదోసేదానికే పుట్టినావా?”

“కోసుకో. నా ముక్కు సీమది, నీ కత్తి ఈడది, తెగదు.”

ఒక శనివారం కోడంబాక్కం నుంచి స్టూడియో మనిషి వచ్చాడు. జానపద పిక్చరట. రాకుమారుడు కోట బురుజు మీద నిలబడి శత్రుసైన్యాన్ని చూడాలట. బీరువాలో ఇత్తడి మెరుపు చూసి “ఇదే, ఇదే” అన్నాడు.

భక్తవత్సలం అందుకుని వాసన చూశాడు. “లోకల్ సరుకు సార్.”

“కానీండి. మాకు మెరిస్తే చాలు.”

“దీంట్లో చంద్రుడు దోసె...”

“మా హీరోకు అవతలివైపు తిప్పి ఇచ్చినా పట్టుకుంటాడు సార్. లోపల గాజు లేకున్నా పర్వాలేదు.”

ఇంతకాలంలో మొదటిసారి ఆ ముక్కుకు పని లేకుండా పోయింది. గల్లాపెట్టె దగ్గర కునుకు తీస్తున్న కృష్ణస్వామికి అమ్మకం మాట చెవిన పడి మెలకువ వచ్చింది. “ఏకాంబరం, కట్టి ఇయ్యి” అన్నాడు. ఏకాంబరం కాగితం తీశాడు. ఒక మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మృణాళిని బీరువాలో ఖాళీ అయిన చోటును చూస్తూ నిలబడింది.

భక్తవత్సలం ఇంకోసారి వాసన చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహం చావుకబురు మోసుకొచ్చినవాడిలా ఉంది.

“సార్, మీరు పిక్చరోళ్ళు. చెప్పకుంటే పాపం. ఇది మునిగిపోయిన స్టీమరులోది. కెప్టెను చేతిలో ఉండింది. మనుషులతో కూడా అంతా పోయింది, ఇదొక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ తడి వాసన ఇంకా పోలేదు, చూడండి.”

స్టూడియో మనిషి చూడలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు.

“మా ప్రొడ్యూసరుకు ఇప్పటికే రెండు పిక్చర్లు పోయినాయి సార్” అని గొణిగి, చెప్పుల్లో కాళ్ళు దూర్చీ దూర్చకుండానే మెట్లు దిగిపోయాడు.

“ఏంది ఏకాంబరం, అది నిజమేనా?” అన్నాడు కృష్ణస్వామి.

ఏకాంబరం కాగితాన్ని బుద్ధిగా మడిచి సొరుగులో పెట్టాడు. “నాకేం తెలుసు మామా. పాత సరుకు. వీడి ముక్కు వీడిది.” స్నేహితుణ్ణి మాత్రం ఆరోజు తిట్టలేదు.

సాయంత్రం మిద్దె మీద తదియ చంద్రుడు సన్నగా ఉన్నాడు. మృణాళినికి ఒక సందేహం పీకుతోంది. ఇక్కడ చేసిన సరుకు, స్టీమరు కెప్టెను చేతికి ఎలా పోయింది? మామ ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధమా, ఇవాళ చెప్పింది అబద్ధమా? తుడిచే నెపంతో గొట్టాన్ని పైటచెంగులోకి తీసుకుంది. నడుము దగ్గర, బొటనవేలు ఆనే చోట, ఇత్తడి అద్దంలా నునుపు తేలి ఉంది. అక్కడ చెక్కిన అక్షరాలు సగం అరిగిపోయాయి. వేలితో తడిమి చూస్తే ఒక్క మాటే తెలిసింది. లండన్.

ఏకాంబరం గొట్టం అందుకుని కన్ను ఆనించాడు. ఇక ఆయనకు లోకం లేదు.

“మామా,” అంది మెల్లగా, “ఇది సీమదే.”

“మెల్లగా చెప్పు. కింద పెద్దాయన చెవులు ఏనుగు చెవులు.”

“ఏకాంబరం మామకు తెలీదా?”

“ఎందుకు తెలీదు? వాడెప్పుడన్నా బేరగాడికి చెప్పినాడేమో నువ్వే చెప్పు.”

“ఆయనకు అంత ఇష్టమైతే మీరు కొని ఇంట్లో పెట్టుకోవచ్చు గదా. ఆయన వచ్చి చూసేవాడు.”

“నేను కొంటే వాడు మనింటికొచ్చి అడిగి చూడాల. వాడికి అడగడం రాదు పాపా. బళ్ళో పలక పుల్ల కూడా అడిగింది లేదు.”

ఏకాంబరం చంద్రుడికేసి నోరు తెరుచుకుని నవ్వుతున్నాడు. మృణాళిని కాసేపు ఆ నవ్వునే చూసింది.

“మరి మీ దుర్భిణి? ఓడలో వస్తా ఉండేది?”

దూరంగా, రేవు బయట, లోపలికి రావడానికి పిలుపు కోసం ఆగిన ఓడ ఒకటి దీపాలు పెట్టుకుంది. భక్తవత్సలం అటు తిరిగి, కళ్ళు మూసుకుని, సముద్రపు గాలిని గుండెల నిండా పీల్చాడు.

“కొలంబో దాటినట్టుండాది” అన్నాడు.