నా ఒళ్లో పెట్టిన ఫైలు

మా ఊరు కోరుట్లకు దగ్గర. బస్సు దిగగానే ఎదురుగా కనిపించే మొదటి ఇల్లు మాదే. అదే నా కొంప ముంచిందని నాకు పదకొండేళ్లు వచ్చాక గానీ తెలియలేదు.

పుట్టినప్పటి నుంచీ నా కాళ్లు నా మాట వినవు. చేతులు వింటాయి గానీ విసుక్కుంటూ వింటాయి. నాన్న దుబాయిలో, అమ్మ బీడీల చాట ముందు. ఊరి అవతలి చివరన ఉన్న బడికి నన్ను రోజూ ఎవరు మోస్తారు? అందుకని ఎనిమిదేళ్లు వచ్చేదాకా నా బడి మా అరుగే. పొద్దున పిల్లలు బ్యాగులు ఎగరేసుకుంటూ పోయేవాళ్లు, సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని నాకు చచ్చేంత ఆశ. ఒక పిల్లను ఆపి "ఇయ్యాల ఏం జెప్పిన్రే?" అని అడిగితే, "ఏం జెప్పలే, కొట్టిన్రు" అని పరుగెత్తింది. ఆ దెబ్బలైనా సరే నాకు కావాలనిపించింది.

బడికి రాలేని పిల్లల ఇంటికే వచ్చి చదువు చెప్పే టీచర్లుంటారని, విద్యాశాఖ వాళ్లు వారానికోసారి పంపుతారని అంగన్‌వాడీ ఆయమ్మ చెప్పినప్పుడు అమ్మ నమ్మలేదు. కానీ ఒక శనివారం ఆ టీచర్ నిజంగానే బస్సు దిగింది. భుజాన సంచి, అందులో రంగుల బంతులు, ఒక పాత టవలు, డబ్బా నిండా చింతగింజలు, ఒక ఫైలు. వచ్చీరాగానే చెప్పులు విడిచి, నా పక్కన చాప మీద కూర్చుని, నా వేళ్లను గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఒక్కొక్కటే విప్పింది. అప్పటిదాకా నన్ను చూసి "అయ్యో పాపం" అనకుండా పని మొదలుపెట్టిన మనిషిని నేను చూడలేదు.

చింతగింజలతో నేల మీద అక్షరాలు పేర్చడం నేర్పింది. పెన్సిలు నా చేతిలో నిలవకపోతే దాని చుట్టూ గుడ్డపేలిక చుట్టి, అమ్మ బీడీలకు కట్టే దారంతో బిగించి లావు చేసింది. ఆమె పలక మీద రాసిస్తే నేను దాని మీదే దిద్దేదాన్ని. అలా ఆమె దస్తూరీ నాకు వచ్చేసింది. ఆమె "క" రాస్తే తలకట్టు పిల్లి తోకలా పైకి లేస్తుంది, ఇప్పటికీ నాదీ అంతే. ఏడాది తిరిగేసరికి బజ్జీలు చుట్టి తెచ్చిన పేపరు ముక్కల దగ్గర నుంచి బస్సు బోర్డుల దాకా ఏది దొరికితే అది చదివేశాను. వేలిముద్ర వేసే అమ్మకు కూడా సంతకం నేర్పింది. ప్రతి వారం రిజిస్టరులో సంతకం పెట్టాలి, నాతో ఫోన్లో ఫొటో దిగాలి, అది ఆఫీసుకు పోవాలి. అమ్మ తన పేరు తనే రాసుకున్న మురిపెంలో ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేది.

"టీచర్, నేను బడికి ఎప్పుడు పోవాలె?" అని నేను ప్రతి వారం అడిగేదాన్ని.

"చక్రాల కుర్చీ రానియ్యి బిడ్డ. అది అచ్చినంక నేనే తోలుకపోయి కూసోబెడత."

ఆ మాట మూడేళ్లు విన్నాను. ఒక్కసారీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? ఆమె అప్పటికే మా ఇంటి మనిషి.

ఎలాగంటే, ఒకసారి అమ్మ సిరిసిల్లలోని తన పుట్టింటికి ఒడిబియ్యానికి పోవాల్సి వచ్చింది. పెళ్లయిన బిడ్డను మూడేళ్లకో ఐదేళ్లకో పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు ఒళ్లో పోసి పంపడం మా దిక్కు రివాజు. అమ్మ ఆ సంగతి చెబుతుంటే టీచర్ తల వంచుకుంది. "నాకు పోసేటోళ్లు లేరక్కా. అమ్మా నాయినా పోయిన్రు, అన్నదమ్ములు లేరు" అన్నది. మరుసటి శనివారం అమ్మ "మా అవ్వకు జెప్పిన చెల్లె. నాతోని నీకు గూడ పోస్తది. నీ ఇంటాయన్ని తోలుకొని రా" అన్నది.

సాంచెల మీద బట్ట నేసే మా మామ రెండు చీరలు తెచ్చాడు, రెండూ ఒకే రకం, తేడా చూపొద్దని. పీటల మీద టీచర్, ఆమె భర్త. పక్క పీట మీద అమ్మ ఒక్కతే, నాన్న దుబాయిలో కదా. అమ్మమ్మ దోసిళ్లతో బియ్యం పోస్తూ "ఇయ్యాల్టి సంది నాకు ఇద్దరు బిడ్డలు" అన్నది. టీచర్ ఒడి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను ఇవాళ్టికీ అనను. ఆ రోజు నుంచి ఆమె నాకు చిన్నమ్మ.

నాకు పదకొండేళ్లప్పుడు జగిత్యాలలో క్యాంపు పెట్టారు. మాలాంటి పిల్లలను డాక్టర్లు చూసి ఎవరికి ఏది అవసరమో రాసి ఇస్తారు. "గీసారి నీకు కుర్చీ అచ్చుడే" అన్నది చిన్నమ్మ. అమ్మ నా జుట్టుకు కొబ్బరినూనె పట్టించి పండక్కి తయారుచేసినట్టు చేసింది. అక్కడ టెంట్ల కింద జాతరలా జనం. చిన్నమ్మ పేర్లు పిలిచే టేబుల్ దగ్గర అరుస్తోంది. అమ్మ లైనులో నిలబడింది. చిన్నమ్మ పరుగున వచ్చి "గిది పట్టుకో బిడ్డ, డాక్టర్ సార్ అడిగితే ఇయ్యి" అని నా ఫైలు నా ఒళ్లో పెట్టి పోయింది.

చదవడం వచ్చిన పిల్ల ఒళ్లో కాగితం పెడితే ఏం చేస్తుంది? తెరిచాను.

ఆ తలకట్టు, ఆ తోక. నా అక్షరాల్లాంటి అక్షరాలే. "అక్షరాలు గుర్తించదు. పేరు రాయలేదు. చెప్పినది అర్థం చేసుకోలేదు. బడికి పంపడానికి తల్లి సుముఖంగా లేదు." కింద అమ్మ సంతకం. పేజీ తిప్పాను. కిందటి ఏడాది. అవే మాటలు. ఇంకో పేజీ. అవే. మొదటి ఏడాది రాసింది నిజమే అనుకున్నా, మిగతా రెండూ? "సుముఖం" అంటే ఏంటో తెలియక పక్కనున్న ఒక పిల్లాడి తల్లిని అడిగాను. "ఇష్టం లేదన్నట్టు" అన్నది.

ఆ ఫైలు నా చేతికి ఎందుకిచ్చిందని చాలాసార్లు ఆలోచించాను. ఆ తొందరలో నాకు చదువొచ్చని మరిచిపోయి ఉంటుంది. లేదా రాసీ రాసీ అదే నిజమని తనే నమ్మి ఉంటుంది. రెండోది తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

లోపల ఒక సారు ఫైలు చూసి, "గీ పాప ఇంట్లనే ఉంటదని రాసున్నది. కుర్చీలు తక్కువున్నయి, బడికి పోయేటోళ్లకే ముందు" అని తేల్చేశాడు. "అచ్చే ఏడాది సూద్దాం అక్కా" అని చిన్నమ్మ అమ్మ భుజం తట్టింది.

బస్సులో అమ్మకు చెప్పాను. అమ్మ నా నోరు మూసింది. "గసొంటి మాట తియ్యకు. గామె మన ఇంటి ఆడిబిడ్డ. నువ్వే తప్పు సదివినవ్." నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుందని మా అమ్మమ్మ అంటుంది. అమ్మకు ఆ పుచ్చు గింజలు కళ్లముందున్నా కనబడలేదు. నాకు చిన్నమ్మ మీద కన్నా అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

శనివారం మామూలుగానే ఆమె బస్సు దిగింది. చాప మీద కూర్చుని పుస్తకం తెరిచి "సదువు బిడ్డ" అన్నది.

"నాకు అక్షరాలు రావు చిన్నమ్మా" అన్నాను.

నవ్వింది. "ఏంది, గట్ల సతాయిస్తున్నవ్?"

"నాకు జెప్పింది సమజ్ గాదు. మా అమ్మకు నన్ను పంపుడు ఇష్టం లేదు. నువ్వే రాసినవ్ గద."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎవలు సూపిచ్చిన్రు నీకు?" అన్నది.

అబద్ధమని అనలేదు. అమ్మ చేతిలో బీడీ చుట్టే తునికాకు అలాగే ఉండిపోయింది. చిన్నమ్మ నా వైపు చూడకుండా అమ్మతో అన్నది. "నా పేరు మీద ఇంటికాడ సదివే పిల్లలు ఇంతమంది ఉండాలక్కా. నీ బిడ్డ బడికి పోతే ఇంకో పిల్లను సూపాలె. మిగిలినోళ్లందరు బస్సు పోని ఊర్లల్లనే ఉన్నరు. మీ ఇల్లైతే దిగంగనే... ఒక్క ఏడాది అనుకున్న. గట్లనే అయిపోయింది."

అమ్మ తిడుతుందనుకున్నాను. నేనైతే ఆ చింతగింజల డబ్బా విసిరేసేదాన్ని, చేతులు సాగితే. అమ్మ లేచి లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చి ఆమె ముందు పెట్టింది. ఆడిబిడ్డను ఉత్త కడుపుతో పంపొద్దట. "తిను చెల్లె. తినిపో. మల్ల రాకు" అన్నది. చిన్నమ్మ రెండు ముద్దలు కలిపి, కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. ఆ వారం రిజిస్టరు సంచిలోంచి బయటికి రాలేదు.

సోమవారం అమ్మ బీడీల చాట ఎత్తిపెట్టి నన్ను చంకనెత్తుకుంది. పదకొండేళ్ల పిల్లను. ఊరంతా చూస్తుండగా మూడుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంటూ బడికి మోసుకుపోయింది. హెడ్మాస్టరు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. "మూడేండ్ల సంది మీ పాప గురించి ఆఫీసుల అడుగుతనే ఉన్నమ్మా. పంపరని మీ సంతకంతోనే కాగితం అచ్చింది" అన్నాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఏ తరగతిలో కూర్చోబెట్టాలో చూద్దామని ఆయన రెండో తరగతి పుస్తకం ఇచ్చాడు. చదివాను. నాలుగోది ఇచ్చాడు. చదివాను. ఐదోది ఇచ్చి, ఒక పేజీ అయ్యాక ఆపమన్నాడు. వరండాలో పిల్లలు కిటికీకి అతుక్కుని చూస్తున్నారు. ఆమె చెడ్డగా నేర్పి ఉంటే నేను ఎప్పుడో క్షమించేదాన్నేమో. ఇంత బాగా నేర్పి, ఏమీ రాదని రాసింది.

"మస్తు సదువుతున్నవ్ బిడ్డ. ఎవలు నేర్పిన్రు?"

అమ్మ నా వైపు చూసింది. నేను పుస్తకం మూసి ఆయన చేతికిచ్చాను.

"ఎవ్వలు నేర్పలే సార్."