అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టిన రోజు

మా అన్న కొత్త కెమెరా కొనుక్కుని తన పాతది నాకిచ్చాడు. అప్పటికి మేం రాయచూరు దగ్గర థర్మల్ కాలనీలో ఉంటున్నాం. మా ఆయనది ప్లాంటులో ఉద్యోగం. ఆ కెమెరాలో అన్నీ చేత్తో తిప్పుకోవలసిందే. పైగా మనం చూసేది లెన్సులోంచి కాదు, దాని పైనుండే చిన్న కిటికీలోంచి. ఆ తేడా తలకెక్కకముందే పిల్లల్నీ, వాకిలినీ, కృష్ణ ఒడ్డునీ తీసి ఒక రీలు పూర్తిచేశాను.

రాయచూరులో స్టూడియో ఆయన కడిగిన రీలును వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఖాళీ.

"లెన్సు మూత తియ్యకుండనే కొట్టిన్రు మేడం," అంటూ కొట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా నవ్వాడు. "గిది మీతోని కాదు. బటన్ ఒత్తితే ఫొటో వచ్చేది కొనుక్కోర్రి."

కిటికీలోంచి అంతా చక్కగా కనబడుతుంటే మూత ఉందని ఎలా తెలుస్తుంది? 

"ఇంకో రీలు ఇయ్యండి," అన్నాను.

ఇంటికొచ్చి రీలు వెయ్యకుండానే సాధన మొదలుపెట్టాను. కిటికీ మధ్యలో పసుప్పచ్చటి చిన్న గడి ఉంటుంది. అందులో మనిషి రెండుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ ఆ రెండూ ఒకటయ్యేదాకా ఆగాలి. పిల్లలు ఆగరు. మా అత్తమ్మ ఆగేది. ప్లాంటు బూడిద పడిన బట్టలు దులుపుతూ దులుపుతూ నాకోసం అలాగే నిలబడేది. మామయ్య పోయాక ఆమె ఒక్క ఫొటో కూడా దిగలేదని అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లకు యరగేరలో మా బావగారింట్లో మనవడి తొట్టెల వేడుక. స్టూడియో నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చి అందర్నీ వరసగా నిలబెట్టాడు. అత్తమ్మ తనంతట తానే వంటింటి వైపు జరిగింది. ఒక్కరూ పిలవలేదు.

"అత్తమ్మ లేదు కదా?" అన్నాను.

"శుభమా అని ఫొటో దిగుతుంటే అమ్మ ఎందుకులే," అన్నారు బావగారు.

నేను వరసలోంచి బయటికొచ్చి, రీలు వేసి తెచ్చుకున్న నా కెమెరా తీసుకున్నాను. కుర్చీ ఒకటి తెచ్చి వాకిట్లో, వెలుతురు పడేచోట వేశాను. అత్తమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను.

"మూత తీసినవా అమ్మా?" అన్నారు బావగారు. నా ఖాళీ రీలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ నవ్వారు.

మూత తీసి అరచేతిలో పెట్టి చూపించాను. తొందరపడలేదు. అత్తమ్మ కళ్లద్దాల ఫ్రేము రెండుగా కనిపిస్తోంది. రింగు తిప్పుతూ పోయాను. వెనక ఎవరో గొణుగుతున్నారు, మా ఆయన "చాలు, రా" అంటున్నాడు. ఫ్రేము ఒక్కటైంది. అత్తమ్మ తల ఎత్తి నావైపే సూటిగా చూసింది. నొక్కాను.

ఆ ఫొటో కళ్లద్దాల కింది ముడతతో సహా వచ్చింది. రాయచూరు స్టూడియో ఆయన చాలాసేపు చూసి, అద్దాల బీరువాలో పెట్టుకుంటానని అడిగాడు.

"తీసింది నేనని కింద రాసి పెడ్తరా?"

"అట్ల రాసే రివాజు లేదు మేడం."

"అయితే ఇటియ్యండి."

పటం కట్టించి ముందు గదిలో వేలాడదీశాను. బావగారు వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయారు.

"బతికున్న మనిషిని ఒక్కదాన్నే గోడకు ఎక్కిస్తరా? దించున్రి."

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "సచ్చినంక పెడ్తె నేను చూస్తనారా? ఉండనీ. నాకు మంచిగున్నది."

ఆయన చాయ్ తాగకుండా వెళ్లిపోయారు. చాన్నాళ్లు మా గడప తొక్కలేదు. మా ఆయన కూడా మెత్తగా, ఆ పటం లోపలి గదిలో పెడదామన్నాడు. కుదరదన్నాను. ఆ వారంలోనే పక్క క్వార్టర్‌లో ఉండే ముసలమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని మా ఇంటికొచ్చింది.

"నన్ను గూడ తియ్యి బిడ్డా, ఒక్కదాన్నే," అంది.

వాకిట్లోకి కుర్చీ తీసుకెళ్లాను.