కోర్టు డబ్బు తగ్గిన ఏడాది

మొన్న వంటగది అరలు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి పెరట్లో ప్లైవుడ్ పలకను కోస్తుంటే, పచ్చి చెక్కా జిగురూ కలిసిన ఘాటైన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. చేతిలో పుస్తకం మూసేసి, అతని పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. కోరాపుట్ వచ్చి చాలా ఏళ్లయినా, ఆ వాసన తగిలితే రాయగడలో పదేళ్ల పిల్లనైపోతాను. అది మా నాన్న చొక్కాల వాసన.

నాన్న రాయగడ పక్కన ఒక ప్లైవుడ్ మిల్లులో బాయిలర్ ఫిట్టరు. మాలాగే పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మిల్లు కాలనీలో చాలానే ఉండేవి. విశ్వకర్మ పూజ రోజున మాత్రం మిల్లు గేటు ఆడవాళ్లకూ పిల్లలకూ తెరిచేవారు. కడిగి, పసుపు పూసి, బంతిదండలు వేసిన యంత్రాల మధ్య మేం దొంగాటలాడుకుంటూ ఉంటే, గ్రీజు మరకలు లేని చేతులతో కొత్తగా కనిపించే మా నాన్నలు సాల్ ఆకు దొప్పల్లో కిచిడీ, టమాటా పచ్చడి, పైన నాలుగు బూందీ పలుకులు పెట్టి అందించేవారు. బయట వాన ఎప్పుడూ కురుస్తూనే ఉండేది. ఆ తడిలో నానిన దుంగల వాసన, కిచిడీలో నెయ్యి వాసన కలిసిపోయి, ఏది దేనిదో తెలిసేది కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మా నాన్నా విడిపోయారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒకచోట ఉంటే ఒకరి మాట ఒకరికి పడేది కాదు. అమ్మ నన్ను తీసుకుని ఊళ్లో ఒక వీధి గదిలోకి మారి, కుట్టుమిషను పెట్టుకుంది. నా పోషణకు నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు నాన్నకు చెప్పింది. మా ఇంట్లో దాన్ని కోర్టు డబ్బు అనేవాళ్లం.

నెలలో మొదటి ఆదివారం నాన్న సైకిలు మీద ఆ డబ్బు తెచ్చేవాడు. కవరు అమ్మకిచ్చి, ఆమె నోటుబుక్కులో సంతకం పెట్టేదాకా స్టూలు మీద కూర్చుని, టీ తాగి, తర్వాత నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని స్టేషను వైపు తీసుకెళ్లేవాడు. వానాకాలమైతే నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, చలికాలమైతే వేడి బరా గారెలు, ఘుగుని అనే బఠాణీ కూర, ఎండలు ముదిరితే కొండల నుంచి తెచ్చిన పనస తొనలు తింటూ, గూడ్సు బండికి ఎన్ని పెట్టెలున్నాయో నేను లెక్కపెడుతుంటే, నాన్న మధ్యలో కావాలని తప్పు అంకె చెప్పి నవ్వేవాడు.

నేను అయిదో తరగతిలో ఉండగా మిల్లు మూతపడింది. గేటుకు ఒక కాగితం అంటించారు. పనివాళ్లు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లల మీద చేరి, దసరా పూజ వెళ్లాక తీస్తారట అని ఒకరు, కోతలయ్యాక అని ఒకరు, యజమాని కొడుకు పెళ్లయ్యాక అని ఇంకొకరు చెప్పుకునేవారు. వాళ్లందరికీ గట్టిగా పట్టుకున్న నమ్మకం ఒకటుండేది: ‘నాకు పని లేదు’ అని ఎక్కడా, ఏ కాగితం మీదా రాసివ్వకూడదు. రాసిస్తే ఆ పనిని మనంతట మనమే వదులుకున్నట్టు లెక్క, గేటు తెరిచిన రోజు జాబితాలో మన పేరుండదు.

నాన్న బోరిగుమ్మలో ఒక అల్లం వర్తకుడి దగ్గర తూకం పనికి చేరాడు. కోర్టు డబ్బంత జీతం కూడా వచ్చేది కాదు. అయినా తగ్గించమని కోర్టుకు రాసుకోలేదు. మొదటి ఆదివారం బస్సులో వచ్చి, ఉన్న కొంత డబ్బూ, దానికి తోడు ఎర్రమట్టి అంటిన అల్లం, గుమ్మడికాయ, లమ్తపుట్ వైపు పండిన రాగులు తెచ్చేవాడు. అవీ కోర్టు డబ్బులోకే వస్తాయని ఆయన అనుకున్నాడు. మూడు నెలలు అలా గడిచాక, రావడమే మానేశాడు. నాలుగు మొదటి ఆదివారాలు నేను తల దువ్వుకుని గుమ్మంలో కూర్చుని, చీకటి పడ్డాక లేచి లోపలికి వచ్చాను.

ఒకరోజు జాకెట్టు కొలతలివ్వడానికి భార్యతో వచ్చిన వకీలు గుమాస్తా, బాకీ పేరుకుపోతోందనీ, ఒక దరఖాస్తు పెడితే నాన్నను జైల్లో కూర్చోబెట్టవచ్చనీ అమ్మకు చెప్పాడు. అమ్మ మిషను ఆపలేదు.

మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలకు ఒక్కటే బీరువా. సెలవుల్లో ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చేదాన్ని. వంటలు, వైద్యం, గ్రహాలు, ఏదైనా సరే. నేను కాలేజీకి వెళ్లలేదు, నా చదువంతా అలాంటి బీరువాలదే, ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వంగానే ఉంటుంది. కింది అరలో, చట్టాన్ని మామూలు మనుషులకు విడమరిచి చెప్పే పుస్తకం ఒకటుందని గుర్తొచ్చి, మర్నాడే వెళ్లి తీశాను. సంపాదన బాగా పడిపోతే అదే కోర్టుకు వెళ్లి మొత్తం తగ్గించమని అడగవచ్చు. కోర్టు మార్చేదాకా పాత మొత్తమే నిలిచి ఉంటుంది. ఊరుకుంటే బాకీ దానంతటది పోదు. ఆ పేజీ అంతా నా నోటుబుక్కులోకి ఎక్కించుకుని వచ్చి అమ్మకు చూపించాను. అమ్మ రెండుసార్లు చదివింది.

ఆ వారమే తెల్లవారి మొదటి బస్సెక్కాం. బోరిగుమ్మ సంతలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అల్లం బస్తాల మధ్య కాటా ముందు నిలబడి ఉన్న నాన్న మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

“ఏటిలగొచ్చేరు? పిల్లకి ఒంట్లో బాగోలేదేటి?”

“పిల్ల బాగానే ఉంది. నువ్వే కనపడ్డం మానీసేవు,” అంది అమ్మ.

“సేతిలో ఏటీ లేకుండా ఏ మొకంతో రమ్మంతావు?”

“ఉన్న మొకంతోనే రా. ఇంకోటెక్కడ తెస్తావు?”

అల్లం ఏరుతున్న కొండ ఆడవాళ్లు, మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమై నవ్వారు. నేను నోటుబుక్కు తీసి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివాను. నాన్న బస్తా మీద చెయ్యి ఆనించి విన్నాడు.

“ఏటమ్మి, వకీలైపోనావేటి?” అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, “పని లేదని కోర్టు కాయితం మీద సంతకం పెట్టీసేననుకో, రేపు గేటు తీసినప్పుడు ఆ కాయితమే సూపిస్తారు. నువ్వే ఒగ్గీసేవు గదా అంతారు,” అన్నాడు.

“గేటు తీసినప్పుడు తీస్తారు. ఈ గుంట పెరగడం అందాకా ఆగుద్దేటి? దసరాకి కుట్టిన గౌను ఈయేల పట్టట్లేదు.”

నాన్న నా గౌను అంచు వైపు చూశాడు. రెండుసార్లు మడత విప్పిన గీతలు అక్కడ కనబడుతున్నాయి. వర్తకుడు పిలిస్తే వెళ్లి ఇంకో బస్తా తూచి వచ్చాడు.

“ఎంతని రాయాలి?”

“నీకెంతొస్తంటే అంతా సెప్పు. ఎక్కువ ఒప్పుకుని దాక్కోకు. తక్కువ ఒప్పుకుని, తెచ్చీ.”

దరఖాస్తు ఒడియాలో టైపు చేయించారు. ‘ప్రస్తుత వృత్తి’ అన్న చోట ‘మిల్లు పని లేదు, తూకం పని’ అని ఉన్నది గుమాస్తా చదివి వినిపిస్తే, నాన్న కలం పట్టుకుని, ఇంకోసారి చదివించుకుని, చివరకు తెలుగులో సంతకం పెట్టాడు. మేజిస్ట్రేటు గారు గేటు నోటీసు నకలూ, వర్తకుడి ఉత్తరమూ చూసి, అమ్మను ఏమైనా అభ్యంతరం ఉందా అని అడిగారు. లేదంది, ఈయన సంపాదన పెరిగితే మళ్లీ వస్తానని కూడా అంది. అల్లం, రాగులు లెక్కలోకి రాలేదు. పాత బాకీ మాఫీ కాలేదు, కొద్దికొద్దిగా కట్టమన్నారు. కొత్త మొత్తం పాతదానిలో సగం కూడా లేదు.

ఆ తగ్గుదల మా ఇంట్లో తెలిసింది. పాలు అరలీటరుకు దిగాయి. అమ్మ బడి యూనిఫారాలు కూడా కుట్టడం మొదలుపెట్టింది, సాయంత్రాలు గుండీలు కుట్టడం నా పని. అయినా తర్వాతి మొదటి ఆదివారం నాన్న వచ్చాడు. సన్నటి కవరు అమ్మకిచ్చి, స్టూలు మీద కూర్చుని టీ తాగాడు. ఆ తర్వాత ఒక్క నెలా తప్పలేదు.

నాకు పద్దెనిమిదేళ్లు నిండాక కోర్టు డబ్బు ఆగిపోయింది. ఆ తర్వాతి మొదటి ఆదివారం కూడా నాన్న వచ్చి, వీధి అరుగు దగ్గరే ఆగాడు. “ఈ నెల తేవలసిందేటీ లేదు,” అన్నాడు. “తెలుసు, రా, కూకో,” అంది అమ్మ.

మిల్లు గేటు తెరవనే లేదు. ఇప్పుడక్కడ ధాన్యం గోదాములున్నాయి. నాన్న పోయి నాలుగేళ్లయింది. మా పక్కింటి అమ్మాయి తల్లి దగ్గరే పెరుగుతోంది, తండ్రి ఏదో ఊళ్లో ఉంటాడు. నెల మొదట్లో డబ్బు పడిందని తల్లి ఫోను మోగితే ఆ పిల్ల తెరపై అంకె చూసి, “నాన్న పంపేడు,” అని చెప్పి ఆటకు వెళ్లిపోతుంది. రెండు నెలలుగా ఆ ఫోను అలా మోగలేదు. ఆ తండ్రికి పని పోయిందేమో, ఎవరికీ తెలియదు. నిన్న ఆ తల్లిని అతని చిరునామా అడిగి తీసుకుని, ఆనాడు నోటుబుక్కులోకి ఎక్కించుకున్న మాటలే అతనికి ఉత్తరంగా రాయడానికి కూర్చున్నాను.